రక్తాన్ని ఆపే మాత్రలు – అడగవలసిన మొదటి ప్రశ్న



దిల్‌సుఖ్‌నగర్ నుండి ఒక సోదరి ఈ నెల మన శీర్షికకు ఉత్తరం రాశారు. వారి కుటుంబం వచ్చే నెలలో ఉమ్రా యాత్రకు బయలుదేరుతున్నది. గ్రూపువారు మక్కాలో ఉండేందుకు ఆరు రోజులే కేటాయించారు. ఆమె బహిష్టు రోజులు సరిగ్గా ఆ ఆరు రోజులలోనే వచ్చేలా ఉన్నాయి. ఇంటి దగ్గరి మందుల దుకాణంలో విషయం చెబితే రక్తాన్ని ఆపే మాత్రలని ఒక స్ట్రిప్ ఇచ్చారట. దాని ఫోటో కూడా జతపరచి, ఈ మాత్రలు వేసుకొని తవాఫ్ చేయవచ్చునా అని ఆమె అడుగుతున్నారు.

ధర్మశాస్త్రం చదువుకున్నవాడిగా ఈ ప్రశ్నకు రెండు వాక్యాలలో జవాబు రాయగలను. పోయిన సంవత్సరం వరకు అలాగే రాసేవాడిని కూడా. ఆ పద్ధతిని ఎందుకు మానుకున్నానో చెప్పిన తర్వాతే ఈ సోదరి ప్రశ్నకు వస్తాను. కొంచెం ఓపిక పట్టగలరు.

నా చెల్లెలు సరూర్‌నగర్‌లో ఉంటుంది. నలభై రెండేళ్ళ మనిషి. పోయిన ఏడాది ఒకనాడు ఇషా నమాజు తర్వాత ఫోన్ చేసి, "భాయీజాన్, పన్నెండు రోజులైంది, ఇంకా ఆగలేదు. నమాజు మొదలుపెట్టాలా, వద్దా?" అని అడిగింది. హనఫీ ఫిఖహ్ ప్రకారం బహిష్టుకు గరిష్ఠ పరిమితి పది రోజులని, పది దాటితే ఆమె అలవాటు రోజులనే లెక్కలోకి తీసుకోవాలని చెప్పాను. ఆమె అలవాటు ఏడు రోజులు కనుక, ఎనిమిదవ రోజు నుండి వదిలిన నమాజులన్నీ కజా చేయమన్నాను. గుసుల్ చేసి, ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకోమన్నాను. "జజాకల్లాహ్" అని ఫోన్ పెట్టేసింది. మరుసటి నెల మళ్ళీ అదే ప్రశ్న, నాది అదే జవాబు. మూడవ నెల రోజాల గురించి అడిగింది. దానికీ సరైన మస్అలానే చెప్పాను. మూడు నెలలలో మూడుసార్లు మాట్లాడాను. ఒక్కసారి కూడా "నీ ఒంట్లో ఎలా ఉంది?" అని అడగలేదు.

నాలుగవ నెల ఆమె దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతూ సొమ్మసిల్లి పడిపోయింది. మెట్ల కింద పూలమ్మే ఇద్దరు స్త్రీలు ముఖాన నీళ్ళు చల్లి, ఆటోలో కూర్చోబెట్టి, ఆమె ఫోన్ నుండి నాకు కబురు చేశారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక! ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 5.8 వచ్చింది. స్త్రీకి కనీసం 12 ఉండాలి. రెండు సీసాల రక్తం ఎక్కించారు. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ ఉన్నట్లు తేలింది. ఆమె సంచిలో రెండు రకాల మాత్రల స్ట్రిప్‌లు దొరికాయి. రెండూ దుకాణంలో అడిగి కొనుక్కున్నవే. చీటీ రాసిన వైద్యులెవరూ లేరు.

డాక్టరమ్మ ఆమెను, "ఇన్ని నెలలు ఎవరికీ చెప్పలేదా అమ్మా?" అని అడిగారు. "మా అన్నయ్యకు చెప్పానండీ" అన్నది నా చెల్లెలు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఆ డాక్టరమ్మ దగ్గర కూర్చొని ఈ మాత్రలు శరీరంలో ఏం చేస్తాయో అడిగి తెలుసుకున్నాను. నేను వైద్యుడిని కాను. అయినా నా వద్దకు వచ్చే ప్రశ్నలలో సగం స్త్రీల రక్తస్రావానికి సంబంధించినవే. కనుక ఈ మాత్రం తెలుసుకోవడం నా బాధ్యత అనిపించింది.

ముందు మన గ్రంథాలలోని ఒక సంగతి. దైవప్రవక్త (స) వారి వద్దకు ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) అనే సహాబియా వచ్చి తనకు రక్తం ఆగడం లేదని, నమాజు వదిలివేయాలా అని అడిగారు. అది బహిష్టు కాదని, ఒక నాళం నుండి వచ్చే రక్తమని ప్రవక్త (స) ఆమెకు తెలియజేశారు. అక్కడ వాడిన అరబీ పదం "ఇర్ఖ్", అంటే నరం, రక్తనాళం. ఈ హదీసును నేను పాతికేళ్ళుగా బోధిస్తున్నాను. అందులోని నమాజు ఆదేశాన్ని విద్యార్థులచేత కంఠస్థం చేయించాను. "నాళం" అన్న మాట దగ్గర మాత్రం ఏనాడూ ఆగలేదు. ఇది ఆరాధనకు సంబంధించిన అడ్డంకి కాదు, శరీరంలో ఒకచోట వచ్చిన లోపం అని ఆ మాట చెబుతున్నది. హమ్నా బిన్తె జహష్ (రజి) తీవ్రమైన రక్తస్రావంతో వచ్చినప్పుడు ప్రవక్త (స) ఆమెకు మొదట సూచించినది దూది పెట్టుకోవడం. అంటే ఆదేశంతోపాటు ఉపాయం కూడా చెప్పారు.

ఉహద్ యుద్ధంలో ప్రవక్త (స) గాయపడిన సంఘటన మీకు తెలిసినదే. హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్ళు తెచ్చి పోస్తుంటే హజ్రత్ ఫాతిమా (రజి) గాయాన్ని కడిగారు. నీళ్ళు పోసిన కొద్దీ రక్తం ఎక్కువవుతున్నదని ఆమె గమనించారు. వెంటనే చాప ముక్క ఒకటి కాల్చి, ఆ బూడిదను గాయానికి అద్దారు. రక్తం ఆగింది. నాకు ఇందులో బూడిద కంటే ఆ గమనింపే పెద్ద విషయంగా కనబడుతుంది. ఒక పద్ధతి పనిచేయడం లేదని చూసిన వెంటనే ఆమె దానిని విడిచిపెట్టారు.

ఇక రక్తం ఎలా ఆగుతుందో చూద్దాం. మన రక్తనాళాల లోపలి గోడకు ఒకే వరుసగా పలుచని కణాలు పరచి ఉంటాయి. నాళం బాగున్నంత కాలం ఈ కణాలు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. ప్రోస్టాసైక్లిన్ వంటి పదార్థాలను విడుదల చేస్తూ ప్లేట్‌లెట్లను దగ్గరకు చేరకుండా చూస్తాయి. ప్లేట్‌లెట్లంటే రక్తంలో తిరిగే అతి చిన్న ఫలకలు. ఒక మైక్రోలీటరు రక్తంలో సుమారు లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. వాటి ఆయుష్షు ఏడు నుండి పది రోజులు. నాళానికి గాయం కాగానే లోపలి పొర చిరిగి, దాని కింది భాగం బయటపడుతుంది. అప్పుడు వాన్ విల్లిబ్రాండ్ కారకం అనే మాంసకృత్తు అక్కడ అతుక్కొని, జిగురులాగా ప్లేట్‌లెట్లను పట్టి నిలుపుతుంది. ఈ జిగురును తయారుచేసి దాచి ఉంచేదీ ఎక్కువగా ఆ గోడ కణాలే. అంటే రక్తం పారడానికి కాపలా కాసే కణాలే, అవసరమైనప్పుడు రక్తం ఆగడానికీ సహాయపడతాయి. సుబ్హానల్లాహ్!

ప్లేట్‌లెట్లు ఒకదానిపై ఒకటి పేరుకోవడం ఇటుకలు పేర్చడం వంటిది. ఆ ఇటుకలు నిలవాలంటే సిమెంటు కావాలి. రక్తంలోని కారకాలు ఒకదాని వెంట ఒకటి మేలుకొని ఫైబ్రిన్ అనే దారాలు అల్లుతాయి. అదే సిమెంటు. గాయం మానిన తర్వాత ఈ గోడను తొలగించాలి కదా! దానికి ప్లాస్మిన్ అనే పదార్థం వచ్చి ఫైబ్రిన్ దారాలను కరిగిస్తుంది. పేర్చడం, అతకడం, కరిగించడం – ఈ మూడు పనులూ సమతూకంలో ఉన్నప్పుడే మనిషి రక్తం కోల్పోకుండా, నాళాలు మూసుకుపోకుండా బతుకుతాడు.

రక్తం ఆపే మాత్ర అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి ఈ పనులలో వేరువేరు చోట్ల జోక్యం చేసుకునే వేరువేరు మందులు. నా చెల్లెలి సంచిలో దొరికిన రెండింటిలో ఒకటి ఎథామ్‌సైలేట్. ఇది ప్లేట్‌లెట్ల మీద, నాళపు గోడ మీద పనిచేస్తుంది. ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణాన్ని కొంత పెంచుతుంది. గోడ కణాలు విడుదల చేసే ప్రోస్టాసైక్లిన్‌ను తగ్గిస్తుంది. సన్నని కేశనాళికల గోడలు గట్టిపడేలా చేస్తుంది. వినడానికి చాలా బాగుంది. అయితే బహిష్టు రక్తస్రావంలో దీని ఫలితమెంత? 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డబ్లిన్ వైద్యుల పరిశోధన ఒకటి వెలువడింది. అధిక రక్తస్రావంతో బాధపడే 76 మంది స్త్రీలకు మూడు మందులలో ఏదో ఒకటి ఇచ్చి, కోల్పోయిన రక్తాన్ని కొలిచి చూశారు. ట్రానెక్సామిక్ ఆసిడ్ రక్తనష్టాన్ని 54 శాతం తగ్గించింది. నొప్పికి వాడే మెఫెనమిక్ ఆసిడ్ 20 శాతం తగ్గించింది. ఎథామ్‌సైలేట్ ఏమాత్రం తగ్గించలేదు. ఆ దేశపు పొరుగున ఉన్న బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య మార్గదర్శక సంస్థ 2007లో, అధిక బహిష్టుకు ఎథామ్‌సైలేట్ వాడవద్దని చెప్పింది. మన దుకాణాలలో మాత్రం అది ట్రానెక్సామిక్ ఆసిడ్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా దొరుకుతుంది.

సంచిలోని రెండవది ఆ ట్రానెక్సామిక్ ఆసిడే. ఇది ప్లేట్‌లెట్ల జోలికి పోదు. గోడ కట్టడానికి సహాయం చేయదు. కట్టిన గోడను ప్లాస్మిన్ తొందరపడి కరిగించకుండా అడ్డుపడుతుంది, అంతే. గర్భసంచి లోపలి పొరలో ఈ కరిగించే గుణం ఎక్కువ కనుక అక్కడ ఈ మందు బాగా పనిచేస్తుంది.

ఈ మందు చరిత్ర మన సోదరీమణులు వినదగినది. దీనిని కనుగొన్నది ఉతాకో ఒకామోతో అనే జపాన్ స్త్రీ, ఆమె భర్త షోసుకే ఒకామోతో. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత జపాన్‌లో పరిశోధనలకు డబ్బు లేదు. రక్తం మీద పరిశోధన అయితే చాలనప్పుడు తమ రక్తమే తీసుకోవచ్చునని ఆ దంపతులు ఆ అంశాన్ని ఎంచుకున్నారు. ఆమె తన పసిబిడ్డను వీపున కట్టుకొని ప్రయోగశాలలో పనిచేసింది. కాన్పులో అధిక రక్తస్రావంతో స్త్రీలు చనిపోవడాన్ని ఆపాలన్నది ఆమె తపన. 1962లో ఈ మందును లోకానికి వెల్లడించారు. కానీ కాన్పుల వైద్యులు దానిని పరీక్షించడానికి ముందుకు రాలేదు. దశాబ్దాలు గడిచిన తర్వాత 21 దేశాలలో 20,060 మంది బాలింతలతో పెద్ద పరీక్ష జరిగింది. 2017లో దాని ఫలితాలు వచ్చాయి. కాన్పు తర్వాత మూడు గంటల లోపు ఈ ఇంజెక్షన్ ఇచ్చినచోట రక్తస్రావం వల్ల కలిగే మరణాలు దాదాపు మూడవ వంతు తగ్గాయి. ఆ ఫలితాలు చూడడానికి ఆమె లేరు. అంతకు ముందు ఏడాదే, 98వ ఏట కన్నుమూశారు.

ఆ మూడు గంటల మాట గుర్తుంచుకోండి. 2010లో 40 దేశాలలో గాయపడిన 20,211 మందిపై జరిగిన మరో పరీక్షలోనూ ఇదే తేలింది. త్వరగా ఇస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు కూడా కనిపించింది. ఎల్.బి.నగర్ చౌరస్తా మీదుగా విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి వెళ్తాయి. అక్కడ ప్రమాదం జరిగినప్పుడు చుట్టూ గుమిగూడి ఫోన్లలో వీడియో తీసేవారికి ఈ మూడు గంటల లెక్క ఎవరు చెబుతారు? 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగి, అమాయకులు రోడ్డు మీద రక్తపు మడుగులో పడి ఉన్న రాత్రిని ఈ ప్రాంతం వారెవరూ మరువలేదు. ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీయడం ఎంతటి ఘోరమో, ఒక్క ప్రాణాన్ని నిలపడం ఎంతటి పుణ్యమో మన ధర్మం స్పష్టంగా చెప్పింది. గాయపడిన వ్యక్తిని ముందుగా ఆసుపత్రికి చేర్చండి. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. ఏ మందైనా ఆ తర్వాతే.

కొన్నిసార్లు లోపం గర్భసంచిలో ఉండదు, రక్తంలోనే ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన ఓలాండ్ దీవుల నుండి ఒక చిన్నారిని వైద్యుడు ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ దగ్గరకు తెచ్చారు. ఆ కుటుంబంలో పలువురికి రక్తం సులభంగా ఆగేది కాదు. 1926లో ఆయన ఆ వ్యాధిని వర్ణించారు. ఆ బాలిక పెరిగి రజస్వల అయిన తర్వాత నాలుగవ బహిష్టులో రక్తం ఆగక మరణించింది. నేను పైన చెప్పిన జిగురు ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. ఆ పిల్లకు లోపించింది అదే. ఈ రోజు ఆ వ్యాధి గలవారిలో చాలామందికి డెస్మోప్రెసిన్ అనే మందు ఉపయోగపడుతుంది. అది నాళపు గోడ కణాలలో దాచి ఉన్న జిగురును రక్తంలోకి విడుదల చేయిస్తుంది. 1977లో ఇటలీ వైద్యుడు మన్నుచ్చి, ఆయన సహచరులు దీనిని చూపించారు. మీ ఇంట్లో ఆడపిల్లకు మొదటి బహిష్టు నుండే విపరీతంగా రక్తం పోతుంటే, తరచూ ముక్కు నుండి రక్తం కారుతుంటే, పన్ను పీకించినప్పుడు చాలాసేపు ఆగకపోతే, "వయసు వస్తే అదే సర్దుకుంటుంది" అనకండి. రక్తపరీక్ష చేయించండి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి కోచింగ్ తీసుకునే ఆడపిల్లలు పరీక్షల రోజుల్లో అడ్డురాకూడదని ఇలాంటి మాత్రలు ఒకరినుండి ఒకరు తీసుకుంటారని విన్నాను. తల్లులు ఫోన్‌లో చదువు గురించి అడిగే నాలుగు మాటలతోపాటు ఈ మాట కూడా అడగాలి.

ఇక్కడ డెంగీ ముచ్చట కూడా చెప్పి ముందుకు సాగుతాను. వానాకాలంలో మన బస్తీలలో జ్వరం కంటే ప్లేట్‌లెట్ల సంఖ్యకే ఎక్కువ భయపడతారు. ఎథామ్‌సైలేట్ ప్లేట్‌లెట్ల సంఖ్యను పెంచదు. డెంగీలో అసలు ప్రమాదం చాలావరకు నాళపు గోడల నుండి రక్తంలోని నీరు బయటికి కారిపోవడం వల్ల వస్తుంది. జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజులలోనే అది జరగవచ్చు. కడుపు నొప్పి, ఆగని వాంతులు, మగత, చిగుళ్ళ నుండి రక్తం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వేసుకోకూడదు. ప్లేట్‌లెట్లకు కేంద్రకం ఉండదు. కనుక ఆస్పిరిన్ ఒకసారి దెబ్బతీసిన ప్లేట్‌లెట్ తన ఆయుష్షు ముగిసేదాకా కోలుకోదు.

ఆస్పిరిన్ పేరు వచ్చింది కనుక హిజామా గురించి కూడా ఒక మాట. గుండెకు స్టెంట్ వేయించుకొని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడే పెద్దలు హిజామాకు వెళ్తున్నారు. కొందరు తాము వాడే మందుల సంగతి చెప్పడం లేదు, కొందరు చేసేవారు అడగడం లేదు. హిజామా సున్నత్ అన్నది నిజమే. రక్తం పలుచబడే మందులు వాడేవారికి గాట్లు పెట్టేముందు వారి వైద్యుడిని అడగడం కూడా తప్పనిసరే. ఆ మందులను సొంతంగా ఆపివేయడం మరింత ప్రమాదం.

ఖత్నా విషయంలోనూ అంతే. వెయ్యేళ్ళ క్రితం ఖుర్తుబా ప్రాంతపు ముస్లిం శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ తన గ్రంథం "అత్తస్రీఫ్"లో, చిన్న గాయాలకే రక్తం ఆగక మరణించే మగవారు గల కుటుంబాల గురించి రాశారు. నేడు హీమోఫీలియా అని పిలిచే వ్యాధికి అది తొలి వర్ణనలలో ఒకటి. ఇది తల్లి వైపు నుండి కొడుకులకు సంక్రమిస్తుంది. పిల్లవాడి మేనమామలలో గానీ, అన్నలలో గానీ ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉంటే ఖత్నాకు ముందు తప్పక పరీక్ష చేయించాలి. ఈ జబ్బుకు మాత్రలు కాదు, లోపించిన కారకాన్నే ఎక్కించాలి. విందుకు తేదీ కుదిరిందని తొందరపడకండి.

ఇక ఉమ్రా సోదరి ప్రశ్న. అమ్మా, మీరు పంపిన ఫోటోలో ఉన్నవి ఎథామ్‌సైలేట్, ట్రానెక్సామిక్ ఆసిడ్ కలిపిన మాత్రలు. అవి బహిష్టును వాయిదా వేయవు. మొదలైన రక్తాన్ని తగ్గిస్తాయి, అంతే. అలవాటు రోజులలో రక్తం చుక్కలుగా తగ్గినా అది బహిష్టే. ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆగి, పది రోజుల లోపు మళ్ళీ కనిపిస్తే హనఫీ ఫిఖహ్‌లో ఫత్వా ఇవ్వబడే అభిప్రాయం ప్రకారం ఆ మధ్య రోజులు కూడా బహిష్టులోనివే. కాబట్టి ఈ మాత్రలతో తవాఫ్‌కు కావలసిన పరిశుద్ధత వస్తుందన్న నమ్మకం లేదు. షాఫియీ మస్లక్ పాటించేవారి లెక్కలు కొంత వేరు, వారు తమ ఆలిమ్‌లను అడగాలి.

బహిష్టును వాయిదా వేసే మందు మరొకటి. నార్‌ఎథిస్టిరోన్ అనే హార్మోను మాత్రలు. వాటిని బహిష్టు రావడానికి కొన్ని రోజుల ముందే మొదలుపెట్టాలి. ఆపిన రెండు మూడు రోజులకు రక్తం వస్తుంది. శరీరానికి హాని లేనంతవరకు ఇటువంటి మందు వాడడాన్ని చాలామంది ఉలమాలు అనుమతించారు. రక్తం రాకపోతే మీరు పరిశుద్ధులే, తవాఫ్ చెల్లుతుంది. కానీ "హాని లేనంతవరకు" అన్న షరతును చదివి ఊరుకోకండి. ఈ హార్మోనులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. దానివల్ల కొందరి కాళ్ళ నాళాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. జిద్దాకు ఐదారు గంటలు విమానంలో కదలకుండా కూర్చోవడం కూడా ఆ ప్రమాదాన్ని పెంచేదే. దానికి తోడు, గడ్డను కరగనివ్వని ట్రానెక్సామిక్ ఆసిడ్‌ను సొంతంగా కలిపి వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. గతంలో కాళ్ళలో గానీ ఊపిరితిత్తులలో గానీ గడ్డకట్టినవారు, పక్షవాతం వచ్చినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు వైద్యురాలితో ఆ విషయం చెప్పకుండా ఈ మందులలో ఏదీ ముట్టకూడదు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోతే, ఛాతీలో పొడిచినట్లయితే మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది మక్కాలో ఉన్నా వర్తిస్తుంది.

ఒకవేళ మందు మీకు సరిపడదని డాక్టరమ్మ చెబితే దిగులుపడకండి. బహిష్టులో కూడా ఇహ్రామ్ సంకల్పం చేయవచ్చు, తల్బియా పలకవచ్చు, దుఆలు చేయవచ్చు. శుద్ధి అయ్యేదాకా తవాఫ్ ఒక్కటి ఆపుకోవాలి. హజ్ ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)కు ఇదే పరిస్థితి వచ్చి ఆమె ఏడుస్తుంటే, ఆదం కుమార్తెలందరికీ అల్లాహ్ రాసిపెట్టిన విషయమే ఇది అని ప్రవక్త (స) ఓదార్చారు. గ్రూపువారితో మాట్లాడి, మదీనాకు ముందు వెళ్ళి మక్కాకు తర్వాత వచ్చేలా ప్రయాణం మార్చుకోవడం వీలవుతుందేమో అడగండి. దానికి ఏ మందూ అక్కరలేదు. గ్రూపులు నడిపే సోదరులకు కూడా నా మనవి: స్త్రీలకు మక్కాలో ఆరు రోజులే ఇచ్చి, మాత్రలు వేసుకోమని సలహా ఇవ్వడం తేలికే. రెండు రోజులు ఎక్కువ ఇవ్వడానికి అయ్యే ఖర్చును మాత్రం ఎవరూ లెక్కవేసి చెప్పరు.

ఇంకో మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన ప్రతి ఇంట్లో పనిచేసి, వంటచేసి, ఉపవాసముండే స్త్రీలలో సగానికి పైగా రక్తం తక్కువై ఉన్నారు. ఏడు రోజులు దాటి రక్తం పోవడం, గంట గంటకూ గుడ్డ గానీ ప్యాడ్ గానీ మార్చవలసి రావడం, పెద్ద గడ్డలు పడడం, మెట్లెక్కితే ఆయాసం, ఇవన్నీ చూపించుకోవలసిన లక్షణాలు. ముట్లు పూర్తిగా ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఆ వయసులో అది కేన్సర్ తొలి సూచన కావచ్చు. మాత్రతో ఆపేస్తే సూచన పోతుంది, జబ్బు మిగులుతుంది. బస్తీ దవాఖానాలలో రక్తపరీక్ష ఉచితం. సుల్తాన్ బజార్, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రులలో స్త్రీ వైద్యులున్నారు. సిగ్గు విశ్వాసంలో భాగమే, కానీ సహాబియా స్త్రీలు ఇటువంటి ప్రశ్నలను స్వయంగా ప్రవక్త (స) వారినే అడిగారు. భర్తలు కూడా ఇంట్లో ఈ విషయం అడిగి తెలుసుకోవాలి, వెంట వెళ్ళాలి.

ఇస్తిహాజా గురించి ఎవరు అడిగినా ఇప్పుడు నేను జవాబుకు ముందు రెండు ప్రశ్నలు వేస్తున్నాను. ఎన్ని నెలల నుండి? హిమోగ్లోబిన్ చూపించుకున్నారా? ఫోన్ చేసినవారు కొందరు ఆశ్చర్యపోతారు. ఒకావిడ, "మీరు మౌలానాయా, డాక్టరా?" అని నవ్వారు. నవ్వినా మరునాడు పరీక్ష చేయించుకున్నారు.

నా చెల్లెలికి మొన్న రబీఉల్ అవ్వల్‌లో గర్భసంచి గడ్డ తీసేశారు. ఇప్పటికీ ఐరన్ మాత్రలు వేసుకుంటున్నది. వాటిని చాయ్‌తో వేసుకోవద్దని డాక్టరమ్మ చెప్పినా వినదు, ఆ విషయంలో ఆమెకూ నాకూ రోజూ తగవే. పోయిన శుక్రవారం రక్తపరీక్ష కాగితం ఫోన్‌లో పంపింది. హిమోగ్లోబిన్ 11.2.